పదిహేడో సీటు మనిషి

1. సోమవారం

ఇవాళ సముద్రం మీద ఉద్యోగంలో చేరాను. ఈ వాక్యం రాయడానికి ఇంత సంబరంగా ఉంటుందనుకోలేదు. కళింగపట్నం రేవులో బోటెక్కేటప్పుడు నా పెట్టె జారి నీళ్లలో పడబోతే, బోటు నడిపే ఆయన కాలడ్డం పెట్టి ఆపాడు. చాలాసేపు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు. ఆ తర్వాత నీళ్ల మీద పచ్చటి చారలు మొదలయ్యాయి. ఆ చారల మధ్యలో, ఇనుప స్తంభాల మీద మా వేదిక. చారలన్నీ నాచు తోటలే. తెప్పలకి తాళ్లు కట్టి, తాళ్లకి నాచు పెంచుతారు. బట్టల దగ్గర్నుంచి బిస్కెట్ల దాకా ఇప్పుడు అన్నింట్లోనూ ఆ నాచే కదా.

రెండేళ్ల క్రితం దాకా విశాఖలో ఒక కంపెనీ హెచ్ఆర్‌లో ఉండేదాన్ని. మనుషుల్ని తీసుకోవడం, జీతాలు, సెలవులు, తగాదాలు ఒక్కొక్కటే సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లిపోయాయి. చివరికి మమ్మల్ని ఇంటికి పంపింది కూడా అదే. చాలా మర్యాదగా పంపింది. ఇప్పుడు నా హోదా పలకరింపు అధికారి. పనిచేసే ప్రతి మనిషితోనూ రోజూ కాసేపు మాట్లాడాలి, అంతే నా పని. ఒంటరిగా కూచుని పనిచేసేవాళ్లని రోజూ ఒక మనిషి పలకరించి తీరాలని చట్టం వచ్చాక పుట్టిన ఉద్యోగం ఇది. ఆ మాటలు యంత్రం వినకూడదు. అందుకే చేత్తో రాసుకుంటున్నాను.

వేదిక మీద నిజంగా ఉండేది మేం కొద్దిమందిమే: మేనేజరు కొల్లి అప్పలసూరిగారు, వంటాయన, ఇద్దరు మెకానిక్కులు, నేను. మిగతావాళ్లంతా పాడేరులోనో, భద్రాచలంలోనో, ఆదోనిలోనో ఇంట్లో సీటులో కూచుని, చేతులకి తొడుగులూ కళ్లకి అద్దాలూ పెట్టుకుని ఉంటారు. వాళ్లు అక్కడ చెయ్యి కదిపితే ఇక్కడ తెప్ప మీది బొమ్మ చెయ్యి కదులుతుంది. బొమ్మ అంటే మొహం కూడా ఉండదు, నడుమూ రెండు చేతులూ అంతే. కానీ పొద్దున్నే అరవై బొమ్మలు ఒక్కసారి తాళ్ల మీదకి వంగితే చూడాలి. నేను కాఫీ తాగడం మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను.

2. గురువారం

పలకరింపుల్లో ఒక చిక్కుంది. గాలి హోరుకి ఎవరి మాటా సరిగ్గా వినబడదని, సీట్ల నుంచి వచ్చే మాటలన్నిటికీ ఒకే గొంతు పెట్టారు. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. కాబట్టి గొంతు వదిలేసి తీరుని బట్టి గుర్తుపట్టాలి. నాలుగో సీటు పాడేరు కుర్రాడు ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు. ముప్పైరెండో సీటామె అవునని అనకుండా "ఊఁ" అంటుంది.

అందరిలోకీ నాకు బాగా నచ్చింది పదిహేడో సీటు. ఆదోని ఉరుకుందమ్మ. పొద్దున మాట్లాడితే గట్టి మనిషి. సూటిగా రెండు మాటలు, ఆపైన పని. మధ్యాహ్నం పలకరిస్తే కథలే కథలు. లారీలు, ఘాట్ రోడ్లు, రాయచూరు దగ్గర బ్రేకులు పోయిన సంగతి. సాయంత్రం నన్నే ప్రశ్నలడుగుతుంది: పెళ్లయిందా, మీ అమ్మ ఆరోగ్యం ఎలా ఉంది, అక్కడ ఏం వండుతున్నారు. ఒకే మనిషిలో ఇన్ని రుచులు నేనెప్పుడూ చూడలేదు. నిన్న తాళ్లలో ఒక తాబేలు చిక్కుకుంటే, మిగతా పని పక్కన పెట్టి, ఒక్కో పోగే తెంపి వదిలింది. అది మునిగి కొంచెం దూరంలో తేలేదాకా బొమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఉరుకుందమ్మక్కా, పూటకో రకంగా ఉంటావేంటి అని ఇవాళ సరదాగా అడిగాను. ఎండని బట్టి మేడమ్ అని, పనిలో పడిపోయింది.

3. మరుసటి సోమవారం

పొద్దున సూరిగారు ఉత్సాహంగా వచ్చారు. ఈ ఏడాది అందరికంటే బాగా పనిచేసిన సీటు పదిహేడే. ఆమెని వేదిక మీదకి పిలిపించి, తన చేతులతో పెంచిన తోటని కళ్లారా చూపిద్దామన్నారు. సీటు మనిషి సముద్రం మీదకి రావడం ఇదే మొదటిసారి అవుతుంది. నేను పరుగున వెళ్లి చెప్పాను. ఆమె రానంది. నడుం నొప్పి, బోటెక్కలేనంది. మధ్యాహ్నం అడిగితే నీళ్లంటే భయమంది. సాయంత్రం అడిగితే ఇంట్లో మంచాన పడ్డ మనిషున్నాడంది. మూడు కారణాలూ నిజంలాగే ఉన్నాయి. అదే నాకు వింతగా అనిపించింది.

రాత్రికి ప్రధాన కార్యాలయం నుంచి కబురొచ్చింది. పదిహేడో సీటులో మనిషి లేదని వాళ్ల అనుమానం. ఎవరి చేతులైనా షిఫ్టు చివరికి నెమ్మదిస్తాయి. ఈ చేతులు పొద్దున ఎంత చురుగ్గా ఉంటాయో సాయంత్రమూ అంతే. మనిషి అలా ఉండదు కాబట్టి అక్కడ యంత్రాన్ని కూచోబెట్టారని సాఫ్ట్‌వేర్ తేల్చింది.

ఇది చిన్న విషయం కాదు. సగం పనులు యంత్రాలకి పోయాక, మిగిలినవాటిలో కొన్నైనా మనుషులకే ఉండాలని కొట్లాడి తెచ్చుకున్న సీట్లివి. మనిషి సీటులో యంత్రం దొరికితే ఆ ఊరి సీట్లన్నీ మూసేస్తారు. ఆదోనిలో మావే చాలా ఉన్నాయి. వచ్చే సోమవారం కార్మికశాఖ తనిఖీ అధికారి వెళ్తున్నారు.

సూరిగారు భోజనం ముందు కూచున్నారే గానీ ముద్ద నోట్లో పెట్టలేదు. నువ్వు ముందు వెళ్లి చూడమ్మా, వస్తున్నట్టు చెప్పకు అన్నారు. రోజూ నాతో అంతసేపు కబుర్లు చెప్పేది యంత్రమంటే నేను నమ్మను. అలాగని ఒట్టేసి చెప్పనూ లేను.

4. శుక్రవారం, ఆదోని

రైలు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. అడుగుతూ అడుగుతూ వెళ్లాను. పాత పత్తి మిల్లు వెనక సందులో, ఆకుపచ్చ తలుపు. తలుపు తీసే ఉంది, కర్ర పరదా వేలాడుతోంది. పరదా సందులోంచి చూస్తే ముందుగదిలో మా సీటు. అందులో తొడుగులూ అద్దాలూ పెట్టుకుని ఒక మనిషి. మనిషే. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ వెంటనే చూశాను, ఆ మనిషికి బారెడు తెల్ల మీసాలు.

గుమ్మంలోనే నిలబడి, పక్కకి తిరిగి ఫోనులో పదిహేడో సీటుని పిలిచాను. అక్కా, ఏం చేస్తున్నావని అడిగాను.

"తాడు బిగిస్తాండా మైథిలమ్మా," అన్నాడు మీసాలాయన. అదే మాట, సీట్లన్నిటికీ పెట్టిన ఆ ఒకే గొంతులో, నా చెవిలో వినబడింది.

నవ్వాపుకోలేకపోయాను. ఆయన ఉలిక్కిపడి అద్దాలు తీశాడు. నన్ను చూసి, ఫోను చూసి, తొడుగులున్న చేతులు పైకెత్తి లేచి నిలబడ్డాడు. అక్కడ సముద్రం మీద బొమ్మ కూడా చేతులు పైకెత్తే ఉంటుంది.

"ఇన్నాళ్లూ మద్యాన్నం నువ్వు అక్కా అనేది నన్నేనమ్మా," అన్నాడు. పేరు బజారప్ప.

లోపల్నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వెడల్పాటి భుజాల ఆమె ఉరుకుందమ్మ. చేతిలో సగం కుట్టిన బొంతతో వచ్చినామె ఎదురింటి షంషాద్‌. షంషాదే ముందు తేరుకుని నీళ్లు తెచ్చిచ్చింది. అప్పుడు కూచుని అంతా చెప్పారు.

ఉరుకుందమ్మ మిల్లులో పనిచేసి పనిచేసి నడుం పోగొట్టుకుంది. పొద్దున్నపూట కాసేపు కూచోగలదు, ఆ తర్వాత నడుం వాల్చాల్సిందే. పక్కింటి బజారప్ప అదే మిల్లు లారీ నడిపాడు. ఇప్పుడు వారంలో కొన్ని రోజులు పొద్దున్నే డయాలసిస్‌కి వెళ్లి రావాలి, ఆయనకి వీలయ్యేది మధ్యాహ్నమే. షంషాద్ భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. కొడుకు పని నుంచి వచ్చాక సాయంత్రం ఆమెకి ఖాళీ. పూర్తి షిఫ్టు కూచుంటేనే సీటిస్తారు. విడివిడిగా ముగ్గురిలో ఎవరికీ రాదు. అందుకని ఉరుకుందమ్మ పేరు మీద తీసుకుని, పని నేర్పిన రోజుల్నుంచే పూటకొకరు కూచున్నారు. యంత్రం ఆ రోజుల్లోనే చేతి తీరు గుర్తుపెట్టుకుంటుంది. అది ముగ్గురి తీరునీ కలిపి ఒక మనిషిదనుకుంది. అలసిపోని చేతుల గుట్టు అదీ. పూటపూటకీ కొత్త చేతులు.

నాకు లోపల గంతులేయాలనిపించింది. యంత్రం కాదు, ఒకరికి ముగ్గురున్నారు. అప్పుడు ఉరుకుందమ్మ అడిగింది.

"మా ముగ్గుర్నీ తీసేస్తే తీసెయ్యండి. మా వల్ల ఊర్లో వాళ్ల సీట్లు పోవు గదా?"

సూరిగారినడిగి చెప్తానన్నాను. రాత్రికి ఇక్కడే ఉండమన్నారు. షంషాద్ ఇంట్లో పడుకున్నాను.

5. శనివారం

పొద్దున సూరిగారికి ఫోన్ చేసి చెప్పాను. నా అంత సంబరపడతారనుకున్నాను. ఆయన గొంతు గట్టిపడింది.

ఒక సీటు ఒక మనిషి అన్న నియమం కంపెనీది. అది ఊరికే పెట్టలేదమ్మా అన్నారు. ఆయన ఇంతకు ముందు పనిచేసిన చోట ఒక మేస్త్రీ తన వాళ్ల పేర్ల మీద బోలెడు సీట్లు పట్టుకున్నాడట. వాటిలో దిక్కులేని వాళ్లని కూచోబెట్టి, జీతం తను తీసుకుని, వాళ్లకి తిండి పడేసేవాడట. మేడమ్ పలకరిస్తే ఏం చెప్పాలో కూడా నేర్పేవాడట. "నువ్వు చూసిన ముగ్గురిలో ఒకళ్లు మేస్త్రీ కాదని ఏటి నమ్మకం?" అన్నారు.

కోపం వచ్చింది గానీ, ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే ఆయన అన్నది తీసెయ్యడానికి లేదనిపించింది. నేను నిన్న ఒక్క పూట చూసి, టీ తాగి, ప్రేమలో పడిపోయాను. నా ఉద్యోగం మనుషుల్ని నమ్మడం ఒక్కటే కాదు, వాళ్లని ఎవరైనా పిండుకుంటుంటే కనిపెట్టడం కూడా.

ముగ్గుర్నీ కూచోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండు దారులున్నాయి. తనిఖీ రోజు ఉరుకుందమ్మ ఒక్కతే కూచోవచ్చు. నడుం నొప్పితో, చేతి తీరు కలవక, యంత్రం ఉందనే తేలుతుంది. లేదా ముగ్గురూ ఎదురుగా నిలబడి ఒప్పుకోవచ్చు. సీటు పోవచ్చు, కానీ ఊరు మిగులుతుంది.

చాలాసేపు వాదించుకున్నారు. బజారప్ప ఒప్పుకుందామన్నాడు. షంషాద్ వద్దంది. ఈ సీటు లేకపోతే తనకి రోజంతా భర్త మంచం ఉన్న గది తప్ప ఇంకో లోకం లేదంది. సాయంత్రం పూట అద్దాలు పెట్టుకుంటే ఎదురుగా అంత సముద్రం కనబడుతుందని, ఒక్కోసారి పని అయిపోయాక కూడా తీయబుద్ధి కాదని చెప్పింది. ఆమె కంటే నాకే ఎక్కువ ఏడుపొచ్చింది. చివరికి షంషాదే లేచింది. "సరే. నేనే ముందు చెప్తా. మీరు తడబడతారు," అంది.

6. సోమవారం

తనిఖీ అధికారి ఎస్తేరుగారు. పొట్టిగా, తెల్లజుట్టుతో, చేతిలో గొడుగుతో దిగారు. సూరిగారు ఫోనులో వింటున్నారు. షంషాద్ అన్నట్టుగానే ముందు తను చెప్పింది. ఎస్తేరుగారు మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. చూద్దాం, కూచోండి అన్నారు.

ముందు ఒక్కొక్కర్నీ విడివిడిగా కూచోబెట్టారు. ముగ్గురికీ యంత్రం ఒకే మాట చెప్పింది: ఈ చేతులు పదిహేడో సీటువి కావు. తర్వాత రోజూ చేసినట్టే చెయ్యమన్నారు. పొద్దున ఉరుకుందమ్మ తాళ్లు తనిఖీ చేసింది. మధ్యాహ్నం బజారప్ప ముళ్లు బిగించాడు. సాయంత్రం షంషాద్ లేత నాచు కోసింది. మధ్యలో ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. ఒకరు లేస్తుంటే రెండోవాళ్లు తొడుగులు అందుకున్నారు, అంతే. సాయంత్రానికి యంత్రం పచ్చదీపం వెలిగించింది. పదిహేడో సీటు, ఉరుకుందమ్మ, చేతులు సరిపోయాయి.

ఎస్తేరుగారి పెదవి ఒక్కసారి కదిలింది. నవ్వేమో అనుకున్నాను. కానీ ఆవిడ ముగ్గుర్నీ వేర్వేరు గదుల్లోకి పంపేశారు. యంత్రం లేదని తేలింది, ఒకరి సీటులో ఇంకొకరిని అద్దెకి కూచోబెట్టారా అన్నది తేలాలి అన్నారు. నన్ను పక్కన కూచోబెట్టుకుని ఒక్కొక్కర్నీ పిలిచి, ఒక్కటే ప్రశ్న అడిగారు: ఈ సీటు ఎవరిది?

ఉరుకుందమ్మ వెంటనే "నాది," అంది. పేరు నాది, ఇల్లు నాది, తప్పు జరిగితే తిట్లు తినేదీ నేనే.

బజారప్ప గుండె మీద చెయ్యి పెట్టుకుని "నాదే మేడమ్," అన్నాడు. ముళ్లు వేసేది నేర్పించింది ఎవరనుకున్నారు, లారీ మీద సరుకు కట్టిన చెయ్యి ఇది, నేను లేకుంటే వీళ్లు పరీక్ష పాసయ్యేవాళ్లా అన్నాడు.

షంషాద్ వచ్చి కూచుంది. కొంగు సర్దుకుంది. మిగతా ఇద్దరూ ఏం చెప్పారని అడగను కూడా అడగలేదు.

"నాది," అంది. "వాళ్లిద్దరూ వాళ్లదే అనుకుంటారు. అననీలెండి. తెచ్చుకుందామన్న ఆలోచన నాది."

ఎస్తేరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను ఇన్నేళ్లుగా అద్దె సీట్లు పడుతున్నాను అన్నారు. ఎక్కడ అడిగినా ఒకళ్లు నాదంటారు, మిగిలినవాళ్లు అటువైపు చూస్తారు. "ముగ్గురూ సొంతదారులైతే అద్దెకున్నదెవరమ్మా?" అని నన్నడిగారు. అప్పుడు నవ్వారు.

చట్టం దృష్టిలో తప్పు లేదని, సీట్లేవీ మూసేది లేదని రాసేశారు. ఒక సీటు ఒక మనిషి అన్నది కంపెనీ నియమం, అది మీ మేనేజరు చూసుకుంటారని ఫోను వైపు చూపించి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

ఫోనులో సముద్రం హోరు మాత్రం వస్తోంది. ముగ్గురూ ఫోను చుట్టూ నిలబడ్డారు. షంషాద్ నా మణికట్టు పట్టుకుని ఉంది. సూరిగారు గట్టిగా ఊపిరి వదిలారు.

"ఆ ముగ్గురి పేర్లూ ఇంటిపేర్లతో సహా సరిగ్గా చెప్పమ్మా," అన్నారు. "సీటు కాగితం కొత్తది రాయాల."

నేను చెప్పబోయేలోపు ముగ్గురూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఆయనకి ఒక్క ముక్కా అర్థమై ఉండదు.

7. గురువారం, వేదిక మీద

నిన్న బోటు దిగగానే సూరిగారు నన్ను ఆపి, ప్రధాన కార్యాలయం ముగ్గురికీ ఒకే సీటుకి ఆర్నెల్ల పాటు ప్రయోగంగా ఒప్పుకుందని చెప్పారు. వారంవారం వాళ్లకి సంజాయిషీ ఇవ్వాల్సింది ఆయనే. చెప్పేసి, ఇంకేం మాట్లాడకుండా నాచు తూకం చూడ్డానికి వెళ్లిపోయారు. ఆయన నడకలో మాత్రం హుషారుంది.

సంగతి ఒక్క రోజులో అన్ని ఊళ్లకీ పాకిపోయింది. ఇవాళ పొద్దున మామూలుగా పలకరింపులు మొదలుపెట్టాను. మొదటి మూడు సీట్లూ మామూలే. నాలుగో సీటు పాడేరు కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు. పదిహేడో సీటు గురించి విన్నది నిజమేనా మేడమ్ అన్నాడు. నిజమే అన్నాను.

"మరి... మా చెల్లి కూడా ఇక్కడే ఉంది మేడమ్. మూడేళ్ల నుంచీ."

నేను రాస్తున్న కలం ఆగిపోయింది. పిలవమన్నాను. అదే గొంతులో, కానీ సవరింపు లేకుండా, ఎవరో సిగ్గుపడుతూ నమస్కారమండీ అన్నారు. పేరడిగితే కొర్రా సుమలత అని చెప్పింది. నాచు కోసేది ఎక్కువగా తనేనట. అన్న తాళ్లు మాత్రమే కడతాడట.

తొమ్మిదో సీటులో భార్యాభర్తలు. పదమూడులో ఇద్దరు స్నేహితులు, ఒకరు పొద్దున కాలేజీకి వెళ్తారు. ముప్పైరెండో సీటు "ఊఁ" అని, కాస్త ఆగి, మేం నలుగురం అంది. మధ్యాహ్నానికి వంటాయన నా పళ్లెం చల్లారిపోతోందని మూడుసార్లు వచ్చి చెప్పాడు. నేను లేవలేదు. వేదిక అంచున, చెవికి ఫోను పెట్టుకుని, ఎండలో నిలబడే ఉన్నాను. ఎదురుగా అరవై బొమ్మలు తాళ్ల మీద వంగి పనిచేస్తున్నాయి. వాటి చేతుల వెనక ఎంతమంది ఉన్నారో ఈ కంపెనీలో ఇంకా ఎవరికీ తెలియదు.

సూరిగారు వెనక నుంచి వచ్చి, ఏటమ్మా, ఇంకా అవలేదా అన్నారు. ఆయన వైపు తిరిగి చెయ్యి అడ్డం పెట్టాను. అవతల భద్రాచలంలో ఒక పెద్దాయన తన సీటులోంచి లేచి ఇంకో మనిషిని కూచోబెడుతున్నాడు. ఆ మనిషి ఎన్నాళ్లుగా పనిచేస్తోందో గానీ, నాతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

"చెప్పండి," అన్నాను. "మీ పేరేంటి?"